అమ్మ చేతిరాతకు అద్దె

జూన్ 3
అద్దకం కొట్టు, మేడ మీద గది

పిన్నికి,

ఈ రోజు మొదటి వింత పళ్ళు తోముకోకముందే ఎదురైంది. మీ కంపెనీ యాప్‌లో 'వెతుకు' అన్న చోట చిన్న తాళం బొమ్మ మొలిచింది. నొక్కితే, "ఈ సదుపాయం ఇకపై చందాదారులకు మాత్రమే" అంది. నిన్న సాయంత్రం దాకా అది ఉచితం.

కోపం తర్వాత వచ్చింది, ముందు ఆశ్చర్యమే వేసింది. నిన్న తెరిచి ఉన్న తలుపు ఇవాళ మూసి ఉందంటే, మధ్యలో ఎవరో ఒక మనిషి లేచి వెళ్ళి మూసి ఉండాలి కదా. ఆ మనిషి ఎవరు? ఏ బల్ల దగ్గర కూర్చుంటారు? నువ్వు అక్కడే పని చేస్తావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఆఫీసు సంగతులు ఫోన్లో వద్దని నువ్వే అన్నావు. పైగా నేను కొత్త మాటలు ఏరి రాసుకోవడం చూసి మా కాలేజీ భాషా మాస్టారు, "పదాలు ఏరి డబ్బాలో దాస్తే తుప్పు పడతాయి, ఎవరికైనా ఉత్తరాలు రాయండి" అన్నారు. అమ్మకు రాద్దామంటే కింది గదిలోనే ఉంటుంది.

అమ్మ రంగుల కొలతలు రాసుకున్న పుస్తకాలు ఇప్పటికి ముప్పై ఒకటి. అన్నీ తడి చేత్తో రాసినవి. రెండేళ్ళ కిందట నువ్వే రాశావు, "ఫొటో తియ్యి, మా యాప్ చేతిరాత చదివి పెడుతుంది, పైసా అక్కర్లేదు" అని. మొదట్లో అమ్మ రాత దానికి ఎక్కడ కొరుకుడు పడింది? 'పటిక నూరి పోయి' అన్నదాన్ని 'పిలక నూరి పోయి' అని చదివింది. నేను ఒక్కొక్క మాటా దిద్దుకుంటూ పోయాను. దిద్దిన కొద్దీ నేర్చుకుంది. తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు దిద్దుబాట్లు చేశానని నాకో పతకం బొమ్మ కూడా ఇచ్చింది. ఇప్పుడది అమ్మకన్నా బాగా అమ్మ రాత చదువుతుంది. అమ్మనడిగితే, "రాయడం నా పని. చదవడం నా పని కాదు" అంటుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. అమ్మ పేజీలకు రంగును బట్టి కాదు, ఆ రోజు జరిగినదాన్ని బట్టి పేరు పెడుతుంది. 'పిల్లకు పన్ను ఊడిన ఆకుపచ్చ.' 'కరెంటతనితో పోట్లాడిన పసుపు.' తేదీలుండవు, వరుస ఉండదు. వెతికే వీలు లేకపోతే ఆ పుస్తకాలు గడ్డివామే.

నిన్న నాటకాల హాలు మేనేజరు వచ్చారు. పదకొండేళ్ళ కిందట అమ్మ అద్దిన తెర, పైకప్పు కారి పాడైందట. మడత లోపల వెలుగు తగలని పీలిక ఒకటి తెచ్చి, "అక్కా, కొత్త తెరకి ఇదే ఎరుపు కావాలి. సెప్టెంబరు పదో తారీకు మొదటి ఆట" అన్నారు. అమ్మ ఆ పీలికను చాలాసేపు చూసి ఒప్పుకుంది. ఆయన వెళ్ళాక నాతో, "ఈ ఎరుపు రాకపోతే కొట్టు మూసేస్తానే. మిల్లు బట్టతో పోటీపడి పోటీపడి నడుం విరిగింది" అంది. నవ్వుతూనే అందనుకో. కానీ అమ్మ నవ్వుతూ అన్నవే చేస్తుంది.

ఆ పేజీ వెతుకుదామనే ఇవాళ పెందలాడే లేచాను. తాళం! ఫొటోలు కనిపిస్తున్నాయి. చదివి పెట్టిన అక్షరాలు కనిపించడం లేదు.

నేను రెండో క్లాసులో ఉండగా నువ్వు ఈ కొట్టు వదిలి కంప్యూటరు ఉద్యోగానికి వెళ్ళావు. అప్పటినుంచి అమ్మా నువ్వూ మాట్లాడుకోరు. అయినా నీకు రాస్తున్నానని అమ్మకు చెప్పాను. స్టాంపు తనే అంటించింది.

నీ చీమ

—

జూన్ 12
ఆఫీసు క్యాంటీన్, కిటికీ పక్క బల్ల

ఒసే చీమా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. 'మొలిచింది' అన్న మాట బాగుంది. తాళాలు నిజంగా అలాగే మొలుస్తాయి, ఎవరూ విత్తినట్టు కనపడరు.

నువ్వడిగినదానికి జవాబు: పైవాళ్ళు నిర్ణయించారు. సర్వర్లు ఊరికే నడవవు, జీతాలు ఊరికే రావు. కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చి, అలవాటయ్యాక కొంత మూసి అడగడం ఈ వ్యాపారంలో అందరూ చేసేదే. తప్పని నేననను, ఒప్పని కూడా అనను. భోజనం టైము అయిపోతోంది.

ఉద్యోగులకు ఏటా రెండు ఉచిత పాసులిస్తారు. ఒకటి నీకు పంపిస్తున్నాను, ఈ కాగితం వెనక అంకెలు చూడు. అవి కొడితే తాళం పోతుంది. మీ అమ్మకు నా పేరు చెప్పక్కర్లేదు.

ఏ ఎరుపు అది? ముదురా, తేటా?

పిన్ని

—

జూన్ 21
మేడ మీద గది

పిన్నికి,

నీ పేరు చెప్పొద్దన్నావు. కానీ అమ్మకు అబద్ధం చెప్పడం నాకింకా రాలేదు, చెవులు ఎర్రబడతాయి. చెప్పేశాను. అమ్మ గంగాళంలో కర్ర తిప్పుతూ, తల ఎత్తకుండా అడిగింది:

"పాసు ఒక ఏడాదికేనా?"

"ఆఁ."

"ఆ తర్వాత?"

"మళ్ళీ పిన్నినే అడగాలి."

"నా చేతిరాత నేను చదువుకోడానికి ఒకళ్ళకి అద్దె కట్టాలి, లేదా ఒకళ్ళ దయ ఉండాలి. ఇదేనా నువ్వు చదివే చదువు?"

"దిద్దింది నేనే కదమ్మా."

"పరాయివాళ్ళ పెరట్లో చెట్టు నాటావు. కాయలు కోసుకోనివ్వలేదని ఇప్పుడు ఏడిస్తే ఎలాగే?"

కాగితం తీసి పొయ్యిలో వేసింది. అంకెలు నేను ముందే రాసుకున్నానేమో అని అనుమానంగా చూసింది. రాసుకోలేదు. రాసుకుందామని చెయ్యి మాత్రం లేచింది.

అందుకని భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఒక పుస్తకం అయింది. రోజుకు పది పేజీలు దాటడం లేదు, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. కానీ ఎన్ని మాటలు దొరుకుతున్నాయో! ఎరుపు పాడైపోవడానికి అమ్మ దగ్గర ఆరు మాటలున్నాయి: ముదిరింది, మాడింది, వెలిసింది, చెదిరింది, బెంగపడింది, మొహం చాటేసింది. మొహం చాటేసిన ఎరుపు అంటే, తడిలో కనపడి ఆరాక లేకుండా పోయేదట.

ముదురా తేటా అని అడిగావు. రెండూ కాదు. ఆ పీలికను కిటికీ దగ్గర పెడితే ఒకలా, దీపం దగ్గర పెడితే ఒకలా ఉంటుంది. "ఆ రోజు ఏం జరిగిందమ్మా? అది తెలిస్తే పేజీ పేరు తెలుస్తుంది" అన్నాను. "పదకొండేళ్ళ కిందటిది ఎవరికి గుర్తుంటుందే" అంది. కరెంటతనితో పోట్లాట ఏ రోజు జరిగిందో గుర్తున్న మనిషి!

ఇంకో సంగతి. 'పైవాళ్ళు' అన్న మాట నాకు అంతుపట్టలేదు. నీ పైన ఎన్ని అంతస్తులున్నాయి? నాకు తోచిన పని నేను చేస్తున్నాను. మా క్లాసులో ఆ యాప్ వాడేవాళ్ళు పద్నాలుగు మంది. తాళం ఎవరెవరికి పడింది, ఏ రోజు పడింది అని అందరినీ అడిగి పట్టిక గీస్తున్నాను.

నీ చీమ

—

జూలై 6
నా గది

చీమా,

పాసు సంగతి పోనీలే.

ఆ పట్టిక దేనికి? పరీక్షలు లేవా నీకు? ఇలాంటివి యాదృచ్ఛికంగానే ఉంటాయి, ఒకళ్ళకి ముందు, ఒకళ్ళకి వెనక. అందులో అర్థం వెతకద్దు. ఎవరికీ చూపించద్దు కూడా.

పని ఎక్కువగా ఉంది. కళ్ళు జాగ్రత్త.

పిన్ని

—

జూలై 17
కాలేజీ లైబ్రరీ

పిన్నికి,

నీ ఉత్తరం ఎనిమిది వాక్యాలే ఉంది. నువ్వు ఎనిమిది వాక్యాలు రాసే మనిషివి కావు.

యాదృచ్ఛికం కాదు, పిన్నీ. పద్నాలుగు మందిలో ఆరుగురికి తాళం పడింది. ఎనిమిది మందికి ఇంకా ఉచితమే. ఆ ఎనిమిది మందీ యాప్‌ను అప్పుడప్పుడు తెరిచేవాళ్ళు. తాళం పడ్డ ఆరుగురూ దిద్దినవాళ్ళు. ఒకమ్మాయి వాళ్ళ నాన్న రోగుల చీటీలు దిద్దింది, ఆయన వైద్యుడు. ఇంకొకతను తన క్లాసు నోట్సు మొత్తం. అందరికన్నా ముందు పడింది నాకు. అందరికన్నా ఎక్కువ దిద్దింది నేనే.

అంటే ఎవరో కూర్చుని, ఎవరు ఎంత కష్టపడ్డారో చూసి, ఎక్కువ కష్టపడిన తలుపులకే ముందు తాళం వేశారు. పట్టిక నాలుగుసార్లు సరిచూశాను. మా మాస్టారికి చూపిద్దామనుకుని ఆగాను, నువ్వు వద్దన్నావని.

ఎవరు ఎంత వాడుతున్నారో చూసే పని నీదని ఒకసారి రాశావు. అందుకే అడుగుతున్నాను, కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే: అది నువ్వేనా?

అమ్మ గుర్తు తెచ్చుకున్న కొలతలతో మూడుసార్లు ఎరుపు వేసింది. మూడూ చెడిపోయాయి. మూడోది బెంగపడింది. "కొంచెం బట్టతో గిన్నెలో వేసి చూడొచ్చు కదమ్మా" అంటే, "గిన్నెలో వచ్చిన రంగు గంగాళంలో రాదు" అంది. ఇంక ఒక్క తెరకు సరిపడా బట్టే మిగిలింది.

చీమ

—

ఆగస్టు 1
ఆఫీసు, ఖాళీగా ఉన్న మీటింగు గది

చీమా,

నేనే.

నువ్వడిగావుగా, ఏ బల్ల అని. ఈ బల్లే. తెల్లటిది, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చుట్టూ పన్నెండు కుర్చీలు. మూలనున్న కుర్చీకి ఒక చక్రం సరిగ్గా తిరగదు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అదే దక్కుతుంది. అందరి ముందూ నీళ్ళ సీసాలు, ఎవరూ తాగరు. మా మేనేజరు అడిగాడు: "ఏది మూస్తే జనం వదిలి పోకుండా డబ్బు కడతారు?" కొంతమంది అదన్నారు, కొంతమంది ఇదన్నారు. నేను లేచి ఒక గ్రాఫు గీత చూపించాను. ఎంత దిద్దితే అంత అతుక్కుపోతారు, ఎందుకంటే వాళ్ళ శ్రమ ఇందులో ఉండిపోయింది, దాన్ని వదిలి ఎక్కడికీ పోలేరు, కాబట్టి ముందు వాళ్ళకే మూయండి అన్నాను. అందరూ తలలూపారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

ఎవరికి ముందు మూయాలో నేను తయారు చేసిన జాబితాలో పేర్లుండవు, అంకెలే. మొట్టమొదటి వరస పక్కన తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు అని ఉంది. "ఎవరో బొత్తిగా పనిలేని మనిషి" అని ఎవరో అన్నారు. నవ్వాం. నేనూ నవ్వాను. నీ మొదటి ఉత్తరంలో అదే అంకె చూసి క్యాంటీన్లో టీ ఒలకబోసుకున్నాను. అయినా 'పైవాళ్ళు' అని రాశాను. నా పైన రెండు అంతస్తులున్న మాట నిజమే, కానీ ఆ గీత గీసింది ఈ చెయ్యి.

నేను పాపం చేశానని రాయడం లేదు. కంపెనీ నడవాలి, అందులో నా అద్దె ఉంది, ఇంకో రెండు వందల మంది అద్దెలున్నాయి. కొత్తగా చదివి పెట్టినదానికి డబ్బు అడగొచ్చు. నువ్వు దిద్దిన అక్షరాలు మాత్రం నీవి. ఆ తేడా నాకు ఆ రోజు తట్టలేదు, మీ అమ్మకి గంగాళం దగ్గర నిలబడి తట్టింది.

నిన్న మళ్ళీ ఇదే గదిలో మీటింగు. నీ రెండో ఉత్తరం తీసి మీ అమ్మ మాట చదివాను: 'నా చేతిరాత నేను చదువుకోడానికి ఒకళ్ళకి అద్దె కట్టాలి.' ఒకరిద్దరు నవ్వారు, అటుపైన ఆగిపోయారు. మా కంపెనీ లాయరమ్మ మాత్రం నవ్వలేదు. "ఈ వాక్యం రేపు ఎవరైనా బయట రాస్తే మనం ఏం జవాబు చెబుతాం?" అంది. న్యాయం కన్నా ఆ భయమే పనిచేసినట్టుంది. ఏం తేలుస్తారో తెలీదు. నేను మాత్రం ఇంక ఆ జాబితాలు తయారు చెయ్యనని చెప్పేశాను.

నీ పట్టిక మీ మాస్టారికి చూపించు.

పిన్ని

—

ఆగస్టు 19
మేడ మీద గది

పిన్నికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో పోట్లాడాను. మూడో రోజుకి పోట్లాడ్డానికి మాటలు అయిపోయాయి, ఎందుకంటే నా మాటలన్నీ నువ్వే ముందు రాసేశావు. ఇది అన్యాయం. నాకూ కొన్ని మిగల్చాల్సింది.

ఇంతలో మొన్న యాప్‌లో ఒక చిన్న కబురు వచ్చింది. తాళం తాళమే. కానీ ఎవరు దిద్దిన అక్షరాలు వాళ్ళు నెల రోజుల్లోగా దించుకోవచ్చట. నొక్కాను. ముప్పై ఒక్క పుస్తకాలూ ఒక్క నిమిషంలో నా ఫోన్లోకి వచ్చేశాయి. ప్రింటు కొట్టతను, "ఎవరి నవల ఇది?" అని అడిగాడు. మా అమ్మదన్నాను.

కాగితాలు దగ్గర పెట్టుకుని ఫోన్లో 'తెర' అని వెతికాను, లేదు. 'ఎరుపు' అని వెతికితే రెండు వందల పద్నాలుగు. ఒక్కొక్కటీ చదువుకుంటూ పోతే, పంతొమ్మిదో పుస్తకంలో కనపడింది. పేజీ పేరు 'చెల్లి వెళ్ళిన రోజు ఎరుపు'. నీళ్ళు ఎన్ని బిందెలో ఉంది. ఎరుపు దిగే వేరు పొడి ఎంతో ఉంది. రంగును బట్టకు పట్టించే పటిక దగ్గర మాత్రం ఇలా ఉంది: 'చెల్లి గుప్పెళ్ళు మూడు.'

పరిగెత్తుకుంటూ కిందికి వెళ్ళి చదివి వినిపించాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

"నీకు ముందే తెలుసు కదా?"

"తెలుసు."

"మరి నాతో రెండున్నర నెలలు గడ్డివాములో సూది వెతికించావా?"

"బిందెల లెక్కా పొడి లెక్కా నిజంగానే గుర్తులేవే. పటిక ఒక్కటే గుర్తుంది. నా గుప్పెడుతో సరిపెట్టొచ్చనుకున్నా. మూడుసార్లు వేశా, చూశావుగా. నా చెయ్యి పెద్దది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ."

"తక్కెడ లేదా అప్పుడు?"

"ఉంది. దాని గుప్పెడు తక్కెడకన్నా నిక్కం. తూచాల్సిన పని ఎప్పుడూ రాలేదు."

నిక్కం! ఆ మాట పుస్తకాల్లో చూశానే కానీ ఒక మనిషి నోట ఎప్పుడూ వినలేదు. రాసుకుందామని కలం తీశాను. అమ్మ మొహం చూసి మళ్ళీ జేబులో పెట్టేశాను.

పదో తారీకు ఇంక మూడు వారాలే ఉంది. అమ్మ నిన్ను అడగదు. నేనే అడుగుతున్నాను. వస్తావా?

నీ చీమ

—

ఆగస్టు 27
నా గది

చీమా,

ఆ రోజు ఆ తెర గంగాళంలో ఉంది. పటిక వేసి, చేతులు కడుక్కుని, ఉద్యోగం వచ్చింది, వెళ్తున్నానన్నాను. అక్క, "గంగాళం దిగేదాకా ఆగలేవా?" అంది. బస్సు టైమైందన్నాను. "అయితే పో" అంది. పోయాను. అంతే. పదకొండేళ్ళు పెంచి పెద్ద చేసేంత పోట్లాట కాదది. కానీ ఇద్దరం లోటు రానీకుండా పెంచాం.

ఆ ఎరుపు ఎలా వచ్చిందో నేను చూడనేలేదు. పుస్తకంలో నా పేరుతో ఒక పేజీ ఉందని కూడా తెలీదు. మా కంపెనీకి తెలుసు, నాకు తెలీదు. వింతగా ఉంది కదూ.

నన్ను వేరే విభాగానికి మార్చారు, కిటికీ లేని గదికి. శిక్షో కాదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సెలవు మాత్రం ఇచ్చారు. నాలుగో తారీకు పొద్దున ఆరుంపావు బస్సుకి దిగుతాను. నా చెయ్యి ఇప్పుడు మీటలు నొక్కే చెయ్యి, మెత్తబడింది. గుప్పెడు అదే ఉంటుందో లేదో నేను మాటివ్వలేను. అక్కకి ముందే చెప్పు, ఆశ పెట్టద్దు.

ఈసారి గంగాళం దిగేదాకా ఉంటాను.

పిన్ని

—

సెప్టెంబరు 3
మేడ మీద గది

పిన్నికి,

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. రేపు బస్సు దిగగానే నీ చేతికిస్తాను. అమ్మ ముందు అడగలేనివీ చెప్పలేనివీ ఇందులో ఉన్నాయి, కొట్టు దాకా నడిచే దారిలో చదివెయ్యి.

'మెత్తబడింది' అని నువ్వు రాసింది అమ్మకు చదివాను. "ఎముక మెత్తబడదు కదా" అంది. పైకి అలా అంది కానీ మధ్యాహ్నం అన్నం సగంలో లేచింది. రెండో ఏప్రాను ఉతికి ఆరేసింది. ఎవరికమ్మా అంటే, "నీకే" అంది. అది నా మోకాళ్ళు దాటి పాదాల దాకా వస్తుంది.

నాటకాల హాలు మేనేజరుకు కబురు పెట్టాను. రేపు సాయంత్రం వచ్చి చూస్తానన్నారు. పీలికతో కలిస్తే కలిసినట్టు, లేకపోతే మిల్లు బట్ట తీసుకుంటారట. ఆయన తప్పు లేదు, నాటకం ఆగదు కదా. అమ్మ విని, "రేపటితో తేలిపోతుంది" అంది. ఈసారి నవ్వలేదు. అందుకని నాకు కొంచెం ధైర్యంగా ఉంది.

ఒక్క విషయంలో మాత్రం అమ్మకీ నాకూ తగువు పడింది. నీ గుప్పెడు నీళ్ళలో పడేముందు తూస్తానన్నాను.

"దాని చేతిని తూస్తావుటే?"

"చేతిని కాదమ్మా, పటికని."

"రెండూ ఒకటే."

"రేపు పిన్ని వెళ్ళాక మళ్ళీ ఇదే ఎరుపు ఎవరైనా అడిగితే? పదకొండేళ్ళు ఆగాలా?"

అమ్మ గంగాళం బోర్లించి అడుగు తోమింది, నిన్న తోమిందే. చివరికి అంది: "తూచు. అంకె పక్కన రాసుకో. పేజీ పేరు మాత్రం కొట్టెయ్యకు."

కాబట్టి రేపటి పని ఇదీ. అమ్మ ఐదింటికి పొయ్యి వెలిగిస్తుంది. నేను ఐదున్నరకి బయల్దేరి ఆరింటికల్లా బస్టాండులో ఉంటాను, ఎడం పక్క రెండో బెంచీ మీద. ఏడింటికల్లా నీళ్ళు మరగాలి. పటిక ఇప్పుడే నూరి జల్లించి పెట్టాను, మూడు గుప్పెళ్ళకి కాక నాలుగింటికి సరిపడా, ఒకటి చెయ్యి అలవాటు పడ్డానికి. తక్కెడ తుడిచి కిటికీ దగ్గర పెట్టాను. నువ్వు వచ్చాక ముందు చేతులు బాగా తుడుచుకో, తడి ఉంటే తూకం తప్పుతుంది.

నీ చీమ